పెంకుల బట్టీలో మంగతాయారు వాటా

మీ ముత్తాతకి ముత్తాత కూడా పుట్టని రోజుల్లో, పెద్దకాలవ పక్కన పూడిలంక అని ఒక ఊరుండేదిట. ఆ ఊళ్ళో ఉన్నవాడిదీ తాటాకిల్లే, లేనివాడిదీ తాటాకిల్లే. ఎండాకాలం వస్తే ఒక ఇల్లు అంటుకునేది. ఆ ఇంటి నిప్పు పక్కింటికి, పక్కింటి నిప్పు ఎదురింటికి, ఎదురింటి నిప్పు వీధి చివరికి. వానలు పడేలోపు మళ్ళీ అందరూ ఆకు కప్పుకోవాల్సిందే. ఊ కొడుతున్నారా? కొట్టండి మరి, లేకపోతే ముందు నేనే నిద్రపోతాను.

ఆ ఊళ్ళో మంగతాయారు అని ఒక కోడలు. మొగుడు గవరయ్య పడవలు లాగేవాడు. పడవలో సరుకు, గట్టు మీద మనిషి, మనిషి భుజాన తాడు. కార్తీకంలో వెళ్తే వైశాఖంలో ఇంటికొచ్చేవాడు. తాడు ఒరుసుకుని పుండు పడ్డ భుజానికి ఆవిడ కాపడం పెట్టేది. ఆయన్ని ఆ తాడు నుంచి తప్పించాలి, అంతే ఆ పిల్ల కోరిక.

అప్పుడు పోలయ్య అని ఒక కుమ్మరి మట్టిపెంకులు చేయడం మొదలెట్టాడు. పెద్ద బట్టీ కట్టడానికి డబ్బు లేక, రాజుగారి అనుమతి తెచ్చుకుని బట్టీని రెండొందల వాటాలు చేసి అమ్ముతానన్నాడు. వాటా అంటే, బట్టీ బాగుపడితే మనమూ బాగుపడతాం, అది కూలితే మన డబ్బూ కూలుతుంది. మీ నాన్న పొద్దున్నే ఫోన్లో చూసుకుని మొహం మాడ్చుకుంటాడే, షేర్లు, అవే అనుకోండి.

మంగతాయారు మూడు రోజులు ఆ బట్టీ దగ్గరే కూర్చుని చూసింది. బీట పడ్డ పెంకుని పోలయ్య అమ్మేవాడు కాదు, తనే పగలగొట్టేసేవాడు. కాలవ పొడుగునా ఎన్ని ఊళ్ళు, ఎన్ని కప్పులు, ఏదో ఒకనాటికి అందరికీ పెంకులు కావాలి కదా అనుకుంది. పెళ్ళినాటి చేతి మురుగులు అమ్మి నలభై వాటాలు కొంది. తిండిగింజల డబ్బు మాత్రం ముట్టుకోలేదు. అత్తగారు సూరమ్మ నెల్లాళ్ళు మాట్లాడలేదు.

మరీ అంత తెలివైనదేం కాదులెండి. అదే ఏడాది పట్టుతలపాగా చుట్టుకుని ఒక అత్తరు వర్తకుడొచ్చాడు. తన వ్యాపారంలోనూ వాటా తీసుకోమన్నాడు, మాటలు తేనెలా ఉన్నాయి. అత్తరు ఎక్కడ తీస్తారో కూడా అడక్కుండా చెవి కమ్మలు అమ్మి ఆ డబ్బు అతని చేతిలో పోసింది. సంక్రాంతి దాటేసరికి అత్తరూ లేదు, మనిషీ లేడు. రెండు రోజులు ఏడ్చింది. ఆ భయంలో ఉండగానే బట్టీ వాటా ధర రెండింతలయింది. ఇదీ పోతుందేమోనని ఇరవై వాటాలు అమ్మేసుకుంది.

ఏంటి కీర్తనా? ఎందుకమ్మిందంటావా? భయమే తల్లీ. పై ఏటికి ఆ ఇరవయ్యే ఆరింతలయ్యాయి. కొన్నవాళ్ళ ఇంటి ముందు నుంచి వెళ్ళలేక చుట్టు తిరిగి నీళ్ళకి వెళ్ళేదిట. ఇంకో ఇరవై ఉన్నాయిగా అని గవరయ్య నవ్వేశాడు.

అంతలో కాలవకి గండి పడింది. ఊళ్ళోకి నీళ్ళొచ్చాయి, బట్టీ కూలింది. సోమవారం సంతలో వాటాలు అమ్ముకునే పాక ఒకటుండేది. అక్కడ ఒక వాటా ఇస్తే తట్టెడు వంకాయలు కూడా వచ్చేవి కావు. పోలయ్య పారిపోయాడని రేవులో ఎవరో అన్నారు. రేవులో విన్నది సంతలో చెప్పారు, సంతలో విన్నది గుళ్ళో చెప్పారు, గుళ్ళో విన్నది సూరమ్మ ఇంటికి మోసుకొచ్చింది. ప్రతి సోమవారం అదే మాట.

"అమ్మేశావా?"

"లేదత్తయ్యా."

చివరికి మంగతాయారు అన్నం మూటగట్టుకుని బట్టీకి నడిచింది. పోలయ్య, ఆయన పెళ్ళాం మోకాల్లోతు బురదలో ఇటుకలు ఏరుకుంటున్నారు. ఈసారి మెరక మీద కడుతున్నారు. పైఊరి నుంచి నలుగురు వచ్చి కూర్చుని ఉన్నారు. వరదకి తాటాకిళ్ళు పోయి పెంకుటిళ్ళే నిలిచాయిట, పెంకులెప్పుడిస్తావని అడగడానికి వచ్చారు.

"బాబాయ్, అందరూ అమ్మేయమంటున్నారు," అంది మంగతాయారు.

"నీ ఇష్టం తల్లీ. రెండుమూడేళ్ళు నీకు రూపాయి ఇవ్వలేను. బట్టీ మాత్రం లేస్తుంది," అన్నాడు పోలయ్య.

ఇంటికొచ్చేసరికి గవరయ్య తాడు సర్దుకుంటున్నాడు. జ్వరం తగ్గి వారం కూడా కాలేదు. ఉన్న వాటాలు అమ్మేస్తే ఈ ఒక్క నెలైనా ఆగుతారేమో అంది మంగతాయారు.

"నువ్వు వెళ్ళి చూసొచ్చావుగా. ఏమనిపించింది?" అన్నాడు.

"నిలబడుతుందనే అనిపించింది."

"అయితే ఉంచు," అని వెళ్ళిపోయాడు.

మూడేళ్ళు గడిచాయి, ఏమీ రాలేదు. మంగతాయారు సోమవారం ఆ పాక వైపు చూడటం మానేసింది. ఏడాదికోసారి బట్టీకి వెళ్ళేది, పొయ్యిలు లెక్కపెట్టుకునేది, వచ్చేసేది. నాలుగో ఏడు ఒక పొయ్యి రెండయింది. తర్వాత నాలుగయ్యాయి. ఒక ఊరికి పెంకు, పక్క ఊరికి పెంకు, ఏటి అవతలి ఊరికీ పెంకు. రాజుగారి కోట పక్క గాదెలకీ పోలయ్య పెంకే. ఏటా లాభంలో పంపకం రావడం మొదలయింది. అలా పదిహేనేళ్ళు.

ఒక కార్తీకంలో పడవ రేవుకొచ్చింది. గవరయ్య లేవబోతే మంగతాయారు ఆయన కంచంలో ఇంకో గరిటె అన్నం వడ్డించింది.

"తినండి. ఈ ఏడు వెళ్ళక్కర్లేదు."

ఆయనకి అర్థం కాలేదు. పడవలో మీకిచ్చే కూలీ ఏడాదికెంతో, అంతకంటే ఎక్కువే బట్టీ నుంచి వస్తోందని నెమ్మదిగా చెప్పింది. ఆయన చాలాసేపు అన్నం కలుపుతూనే కూర్చున్నాడు, ముద్ద నోట్లో పెట్టుకోలేదు. వాకిట్లో కూర్చున్న సూరమ్మ ఇదంతా వింది. కర్ర పట్టుకుని ఒక్కతే గట్టెక్కి పడవవాడితో చెప్పిందిట:

"మావాడు ఈ ఏడు రాడు. పై ఏడూ రాడు. మా కోడలు వద్దంది."

అదీ సంగతి. మీరు పెద్దయ్యాక ఏదన్నా కొనాలంటే ముందు వెళ్ళి చూసి రండర్రా. చూసొచ్చాక సోమవారానికో మనసు మార్చుకోకండి. పొరపాట్లు మంగతాయారుకీ తప్పలేదు, మీకూ తప్పవు, వాటికి బెంగపడకండి.

ఇక కథేమో కాలవ దాటి పోయింది, మీరేమో కళ్ళు మూసుకుని పడుకోండి.