తొడ చప్పుడు

సింహాద్రి మాస్టారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన జవాబు చెప్పరు, బస్సెక్కిస్తారు. ఆయన దగ్గర కబడ్డీ నేర్చుకున్నవాళ్లలో ఈ సంగతి తెలియనివాడు లేడు. "నేను చదివింది ఎనిమిదో తరగతి, అదీ రెండుసార్లు. నోటితో చెప్పబోతే ఎక్కడో ఒకచోట అబద్ధం దొర్లుతుంది. బస్సుకి ఆ భయం లేదు" అంటారు. తన ఆట గురించి అడిగినా ఇదే వరస. "నాకు రెండే విద్యలొచ్చు. ఒకటి చీలమండ పట్టడం. రెండోది, పట్టానని నలుగురికీ చాటుకోవడం. మొదటిదాంట్లో నన్ను మించినవాళ్లు జిల్లాలో చాలామంది ఉన్నారు. రెండోదాంట్లో ఒక్కడూ లేడు."

ఆ శిష్యుల్లో పైకొచ్చినవాడు తవిటినాయుడు. ఇప్పుడు టీవీలో చూపించే పెద్ద లీగులో ఆడుతున్నాడు. మూలన నిలబడి, కూతకొచ్చినవాడి చీలమండ దొరకబుచ్చుకోవడం అతని పని. పోయిన మ్యాచ్‌లో అవతలి జట్టు రైడర్ మల్లిబాబు ఇతన్ని తాకి, గీత దాటి, వెనక్కి తిరిగి, ఒళ్లో పసిపిల్లని జోకొడుతున్నట్టు చేతులు ఊపి చూపించాడు. ఆ వీడియో ముక్క మూడు రోజుల్లో అందరి ఫోన్లలోకీ ఎక్కింది. తవిటినాయుడి సొంత మేనకోడలే దాన్ని నాలుగుసార్లు చూసి నవ్వింది. ఆదివారం మళ్లీ అదే జట్టుతో ఆట. తవిటినాయుడు మరో ముగ్గురితో ఒక మాట అనుకున్నాడు. మల్లిబాబు ఈసారి చేతికి చిక్కగానే నలుగురూ మీద పడాలి, విజిల్ వేసినా వెంటనే లేవకూడదు, వాణ్ణి కిందే అదిమి ఉంచి, కెమెరా వైపు తిరిగి నలుగురూ తొడలు చరచాలి.

శుక్రవారం పొద్దున్నే దీవెనకని వచ్చి, ఇదంతా గురువుగారికి సంబరంగా చెప్పుకున్నాడు. ఆయన మొహంలో సంబరం కనబడలేదు. దాంతో శిష్యుడికి ఉక్రోషం వచ్చింది.

"ఏటి మాస్టారూ అలా చూస్తారు? పట్టేది రూలు ప్రకారమే కదా. పట్టాక తొడ గొడితే తప్పేటి?"

మాస్టారు చెప్పులు వేసుకున్నారు. గోడకున్న గుడ్డసంచి తీసి భుజాన తగిలించుకున్నారు. "పద" అన్నారు.

బస్సులో గంటన్నర. ఎవరో పాత పహిల్వాన్ దగ్గరికి తీసుకెళ్తున్నారని, ఏదో మరుగునపడ్డ పట్టు నేర్పిస్తారని తవిటినాయుడు దారంతా ఊహించుకున్నాడు. దిగి సందులో నడిస్తే రేకుల ఇల్లు వచ్చింది. ముందుగదిలో ఒకావిడ కుట్టుమిషన్ తొక్కుతోంది. మాస్టారిని చూసి తలూపిందేగాని కాలు ఆపలేదు. వెనకగదిలో చెక్కమంచం మీద ఒక మనిషి పడుకుని ఉన్నాడు. మెడ నుంచి కిందికి అతను ఉన్నట్టే లేదు. కుడిచెయ్యి మాత్రం మోచేతి నుంచి కాస్త లేస్తోంది. చూపులోనే ఊరంత హుషారు.

"వచ్చేవా సింహాద్రీ. ఈ వారం గెడ్డం బాగా దురదెట్టేసింది" అన్నాడా మనిషి. గొంతు చాలా సన్నం, గాలి చాలనివాడి గొంతు.

మాస్టారు సంచిలోంచి సబ్బూ బ్రష్షూ రేజరూ తీశారు. "జోగులూ, వీడు తవిటినాయుడు" అన్నారు నురగ కలుపుతూ.

"తెలుసు, తెలుసు. టీవీలో ఇంకా లావుగా ఉంటావు బావూ. ఆ మల్లిబాబు నిన్ను జోకొట్టినప్పుడు మా అక్క కూడా నవ్వింది. ఏదీ, నీ తొడ చప్పుడు టీవీలో సరిగ్గా వినబడదు. ఒకపాలి కొట్టు, విందాం."

తవిటినాయుడు గురువుగారి వైపు చూశాడు. ఆయన జోగులు గడ్డానికి నురగ రాస్తున్నారు, వద్దనలేదు. సరే అని ఒక కాలు ముందుకి పెట్టి, అరచెయ్యి గుంట చేసి, లీగులో కొట్టినట్టే మూడుసార్లు కొట్టాడు. గది అదిరింది.

ముందుగదిలో మిషన్ ఠక్కున ఆగిపోయింది. ఆవిడ పంటి కింద దారంతోనే పరిగెత్తుకొచ్చింది.

"ఏటి తమ్ముడా? ఊపిరందట్లేదా? పక్కకి తిప్పాలా?"

జోగులు కుడిచెయ్యి మంచం చెక్క మీద కదలకుండా ఉంది. ఆవిడ ఆ చేతిని చూసింది, తవిటినాయుడి తొడను చూసింది.

"నేను కాదక్కా. ఆటగాడొచ్చాడు" అన్నాడు జోగులు.

ఆవిడ ముందుగదిలోకి వెళ్లిపోయింది. మిషన్ మొదలైంది, కాసేపటికి ఆగింది, మళ్లీ మొదలైంది.

"అరిచి పిలవడానికి నాకు గొంతు చాలదు" అన్నాడు జోగులు. "చెక్క మీద కొడతాను. మిషన్ చప్పుట్లో వినబడదేమోనని అలా ఆపుకుంటా వింటాది. పాతికేళ్ల నుంచి అంతే. ఆవిడ కుట్టిన జాకెట్టు ఒక్కటి చెప్పిన రోజుకి అందితే ఒట్టు."

తవిటినాయుడికి నవ్వాలో కూడదో తెలియలేదు. ఏదో ఒకటి అనాలని, "ఎలా జరిగింది బాబాయ్?" అన్నాడు.

"ఆటలోనే. ముందటేడు వీళ్ల ఊళ్లో గెలిచి, వీళ్ల మొహమ్మీదే తొడగొట్టి వచ్చేను. మరుసటేడు కూతకెళ్తే చీలమండ దొరికిపోయింది. బోర్లా పడ్డాను, మీద నలుగురు. మెడ కొంచెం మెలిపడింది, అంతే, అప్పటికి విరగలేదు. మా రోజుల్లో కిందపడ్డవాడు అరచేత్తో నేల మీద కొడితే ఇంక వదిలెయ్యండ్రా అని. కొట్టేను. విజిల్ కూడా వేశారు. కాలు పట్టినవాడు లేచి నిలబడి తొడ గొట్టడం మొదలెట్టేడు. అది చూసి మీదున్నవాళ్లు మీదే కూర్చుని కొట్టేరు. చుట్టూ జనం కూడా కొట్టేరు. నేనూ కొడతానే ఉన్నాను. అందరం కలిసి కొట్టేం."

"కాలు పట్టిందెవరు?"

జోగులు కళ్లు పైకెత్తి, తన గడ్డం గీస్తున్న మనిషిని చూశాడు. "బాగా పట్టేడు బావూ. అందులో తప్పేం లేదు. రూలు ప్రకారమే పట్టేడు."

మాస్టారు పని ఆపలేదు. గొంతు దగ్గర రెండు గీతలు మిగిలితే అవి కూడా గీశారు. తడిగుడ్డతో మొహం తుడిచి, అద్దం పట్టి చూపించారు. "పెళ్లికొడుకులా ఉన్నావు" అన్నారు. "ఈ మాట పాతికేళ్లుగా అంటున్నావు, ఒక్క సంబంధమూ తేలేదు" అన్నాడు జోగులు.

బస్సు కోసం నిలబడ్డప్పుడు తవిటినాయుడి ఫోన్ మోగింది. అవతల అతని జట్టువాడు, మంచి ఊపులో ఉన్నాడు. "ఎక్కడున్నావ్ రా? సాయంత్రం నలుగురం కలిసి ఆ తొడ సంగతి ఒకసారి చేసి చూసుకోవాలి. ఒకేసారి పడాలి చప్పుడు."

"వద్దు" అన్నాడు తవిటినాయుడు.

"ఏం, భయమా? మల్లిబాబు మళ్లీ జోకొడతాడు రా!"

"కొట్టనీ. విజిల్ పడగానే లేచిపోవాలి. మిగతా ఇద్దరికీ చెప్పు" అని ఫోన్ పెట్టేశాడు. అలా అన్నందుకు గురువుగారు మెచ్చుకుంటారేమోనని పక్కకి చూశాడు. ఆయన రోడ్డు వైపే చూస్తున్నారు. ఆ మొహం చూశాక, అడగకూడదనుకున్న మాట నోట్లోంచి వచ్చేసింది.

"మాస్టారూ, ఆ రోజు ఆయన నేల మీద కొట్టింది మీకు నిజంగా వినబడలేదా?"

"వినబడిందిరా" అన్నారు సింహాద్రి మాస్టారు. "నా తొడే అనుకున్నాను. ఎంత బాగా మోగుతోందో అనుకున్నాను."