నూకరత్నం దాచిన మాట

అనగనగనగా, సముద్రానికి కూతవేటు దూరంలో ఒక ఊళ్ళో నూకరత్నం అనే ఆవిడ ఉండేది. ఊఁ కొట్టు మరి అమ్మలూ, నువ్వు ఊఁ కొట్టకపోతే కథ ముందుకి నడవదు.

నూకరత్నం మొగుడి పేరు అప్పలకొండ. అత్త పేరు గంటలమ్మ. వాళ్ళింట్లో వడ్లు రోట్లోనే దంచుకునేవాళ్ళు. అత్తా కోడలూ చెరో రోకలీ పట్టుకుని ఉస్సు ఉస్సుమంటూ దంచేవాళ్ళు. ఆ బియ్యం కాస్త ఎర్రగా, ముతకగా ఉండేవి. అన్నం చూడ్డానికి అందంగా ఉండేది కాదు కానీ కడుపుకి ఆనేది.

ఒకసారి నూకరత్నం అన్నా వదినా వాళ్ళింటికి వచ్చారు. విస్తళ్ళు వేసి భోజనం పెట్టింది. వదిన మెతుకుల్ని వేలితో అటూ ఇటూ జరిపి, "ఏంటి రత్నం, మీ ఇంట్లో ఇంకా ఈ ఎర్రన్నమేనా? మా పాలేరు కూడా ముట్టడు" అంది. నవ్వుతూనే అంది. నూకరత్నం మాత్రం తలెత్తలేకపోయింది.

అప్పుడే పక్కూళ్ళో కొత్తగా రైస్ మిల్లు వచ్చింది. నూకరత్నం వడ్లబస్తా బండెక్కించింది. మిల్లువాడు వడ్లు మరలో పోసి ఒక పట్టు పట్టాడు, పైపొట్టు ఊడింది. "ఇంకా తెల్లగా" అంది. రెండో పట్టు పట్టాడు. "ఇంకా" అంది. మూడో పట్టుకి బియ్యం ముత్యాల్లా మెరిసిపోయాయి.

ఆ ముత్యాల్ని మూడు నీళ్ళు పోసి కడిగేది. ఆ కడుగు గేదె కుడితిలో పోసేది. అన్నం వార్చేది. ఆ గంజీ కుడితిలోనే. మిల్లులో వచ్చిన తవుడూ కుడితిలోనే. గేదె నిగనిగలాడింది.

గంటలమ్మ నోటికి ఆ తెల్లన్నం చప్పగా ఉండేది. "అమ్మీ, గంజి కాసింత నాకుంచవే. గుప్పెడు తవుట్లో బెల్లం కలిపి ఇవ్వవే" అని అడిగింది.

నూకరత్నం గయ్యిమంది. "తవుడు తింటావా అత్తా? చూసినవాళ్ళు ఏమంటారు? కోడలు అత్తకి గేదె మేత పెడుతోందనరూ?"

ఆ తర్వాత గంటలమ్మ రోజూ మధ్యాహ్నం, కోడలు కునుకు తీసే వేళకి గేదెల పాకలోకి వెళ్ళేది. ముంతలో గంజి ముంచుకుని, తవుడు కలుపుకుని తాగేది. ఒకరోజు నూకరత్నం చూసేసింది. "కుడితి తాగడానికి సిగ్గులేదూ!" అని గట్టిగా అరిచింది. పక్కిళ్ళ ఆడవాళ్ళు గోడ మీంచి తొంగిచూసి నవ్వారు. గంటలమ్మ కొంగుతో మూతి తుడుచుకుని లోపలికి వెళ్ళిపోయింది.

అయినా తాగడం మానలేదు, పాపం. ఒంటికి కావాల్సింది ఒళ్ళే అడుగుతుంది కదా. నూకరత్నం చూసీ చూడనట్టు ఊరుకుంది. ఆ పక్కిళ్ళు దాటి ఊళ్ళో పొక్కకపోతే చాలనుకుంది.

ఆ తర్వాత నూకరత్నానికి ఆడపిల్ల పుట్టింది. పైడమ్మ అని పేరు పెట్టుకున్నారు. అప్పుడు వానలు పట్టుకున్నాయి. పాదుల్లో కూరలు కుళ్ళిపోయాయి. ఇంట్లో పప్పు నిండుకుంది. పైగా బాలింత పత్యం. తెల్లన్నం, చారునీళ్ళు. మూడు పూటలా అదే.

ముందు అప్పలకొండ పడ్డాడు. అరికాళ్ళలో చీమలు పాకినట్టుందనేవాడు. పొలం గట్టు మీద నడవలేక కూలబడిపోయాడు. ఆ తర్వాత నూకరత్నం కాళ్ళు నీరుపట్టాయి. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయేది. ఆ తర్వాత, మూడోది, చంటిపిల్ల.

పైడమ్మ పాలు తాగడం మానేసింది. నోరు తెరిచి ఏడుస్తోంది, మొహం కందిపోతోంది, కానీ గొంతు లేదు. ఏడుస్తున్న పిల్ల ఎదురుగా ఉంది, ఏడుపు మాత్రం వినపడదు. నూకరత్నానికి ప్రాణం పోయినట్టయింది.

ఆ ఇంట్లో నిలబడి నడవగలిగింది గంటలమ్మ ఒక్కతే. ఆవిడే పిల్లని ఎత్తుకుని, కోడల్ని బండెక్కించి పట్నం ఆసుపత్రికి తీసుకెళ్ళింది. అక్కడ బల్ల మీద వాళ్ళ వీధి ఆడవాళ్ళు ఇద్దరు కూర్చునున్నారు.

డాక్టరమ్మ పిల్లని చూసింది. తల్లి కాళ్ళు చూసింది. మొగుడి సంగతి కూడా విని, "ఏం తింటున్నావమ్మా?" అని అడిగింది.

చారునీళ్ళని ఎలా చెబుతుంది, వీధివాళ్ళు వింటుంటే? "అన్నీ తింటామండి. పప్పు, కూర, పెరుగు" అంది.

"మీ అత్తగారు గట్టిగానే ఉన్నారే. ఆవిడా మీరు తిన్నదే తింటారా? ఇంకేమన్నా తింటారా?"

నూకరత్నం బల్ల వైపు చూసింది. గోడ మీంచి నవ్విన మొహాలు ఆ బల్ల మీదే ఉన్నాయి. "మేం తిన్నదేనండి" అంది.

గంటలమ్మ తల వంచుకుంది. కోడలి మాట కాదనలేదు. పదిమందిలో కోడలి పరువు తియ్యడం ఎందుకనుకుంది.

"అయితే తిండి లోపం కాదేమో" అనుకుంది డాక్టరమ్మ. పిల్ల గొంతుకని చీటీ మీద ఏదో మందు రాసిచ్చింది. చీటీ పట్టుకుని వరండాలోకి వచ్చారో లేదో, పైడమ్మకి ఎగశ్వాస వచ్చింది. పెదాలు నల్లబడ్డాయి. డాక్టరమ్మ పరుగెత్తుకొచ్చింది.

"చూడమ్మా, నాకు తెలియాల్సింది ఇంకేదో ఉంది. నువ్వు చెప్పట్లేదు."

నూకరత్నం అత్త వైపు చూసింది. ఆ తర్వాత నేల చూపులు చూస్తూ చెప్పింది. "మా అత్త తవుడు తింటుందండి. గంజి తాగుతుంది, గేదెల పాకలో దాక్కుని. నేను వద్దన్నాను. నలుగురిలో తిట్టాను. పప్పూ లేదు, కూరా లేదండి. మూడు పట్లు పట్టిన తెల్లన్నం వార్చుకు తింటున్నాం. అబద్ధం చెప్పానండి."

డాక్టరమ్మ తిట్టలేదు. గబగబా పిల్లకి ఇంజెక్షన్ చేసింది. అప్పుడు అందరూ కూర్చున్నారు. ఒక గంట గడిచింది. రెండు గంటలు గడిచాయి. మూడో గంటకి పైడమ్మ పిల్లికూనలా కీచుమంది. ఆ తర్వాత కేరుమంది. అంత మంచి ఏడుపు నూకరత్నం ఎప్పుడూ వినలేదు.

అప్పుడు డాక్టరమ్మ చెప్పింది. "బియ్యపుగింజ మీది పొరలో విటమిన్ అని ఒకటుంటుంది. దాన్ని బీ-వన్ అంటారు. కంటికి కనపడదు, నాలిక్కి తెలీదు. కావాల్సింది రవ్వంతే. ఆ రవ్వంతా లేకపోతే కాళ్ళ నరాలు, గుండె నీరసించిపోతాయి. తల్లి తిండిలో లేకపోతే పాలలోనూ ఉండదు. మీకది మిల్లులో తవుడుతో పోయింది. మిగిలిన కాస్తా కడుగులో, గంజిలో పోయింది."

"గేదెకి పెట్టానండి" అంది నూకరత్నం మెల్లిగా. ఎవరూ నవ్వలేదు.

ముగ్గురికీ మందులిచ్చింది డాక్టరమ్మ. ఇకమీదట ఒక్క పట్టు బియ్యమే తినమంది. గంజి పారబోయొద్దంది. పప్పూ వేరుశనక్కాయలూ మానొద్దంది. బాలింతకి అసలే మానొద్దంది.

బండిలో ఇంటికొస్తుంటే నూకరత్నం అత్త చెయ్యి పట్టుకోబోయి, పట్టుకోలేకపోయింది. తిట్టినా బాగుండుననిపించింది. గంటలమ్మ తిట్టదే! "పిల్ల ఆకలికి ఏడుస్తోంది. పాలు పట్టు" అంది, అంతే. నూకరత్నం పిల్లని ఒళ్ళోకి తీసుకుని, కొంగు కప్పుకుని, చప్పుడు కాకుండా ఏడ్చింది.

మర్నాడు పొద్దున్నే బయల్దేరింది. మిల్లు వచ్చాక ఆ వీధిలో అందరూ ఆ తెల్లన్నమే తింటున్నారు కదా మరి. మొదటింటికి వెళ్ళి జరిగిందంతా చెప్పింది, అత్తని తిట్టిన మాటతో సహా. రెండో ఇంటికి వెళ్ళి మళ్ళీ చెప్పింది. రెండోసారీ సిగ్గు అంతే ఉంది, ఇసుమంతైనా తగ్గలేదు.

మూడో ఇంట్లో కొత్త బాలింత ఒకతి ఉంది. వింటూ వింటూ కాళ్ళు చీర కిందికి లాక్కుంది. నూకరత్నం అది చూసింది. పక్కన చతికిలబడి, తన కాలు చాపి, వాపు మీద వేలితో నొక్కి చూపించింది. గుంట పడింది.

ఆ బాలింత ఆ గుంట చూసింది. అప్పుడు మెల్లిగా తన కాళ్ళు కూడా బయటికి చాపింది.

దంచిన గింజ దాకకి ఎక్కె,
వార్చని గంజి ఒంటికి దక్కె,
కథ మటుకేమో కంచికి చేరె,
మన ఇంటికేమో నిద్దర చేరె.