ఉన్నంత కూసో

ఈ కథను నాకంటే బాగా చెప్పేవాడు చుట్టుపక్కల ఏడు ఊళ్లలో లేడు. ఉన్నవాళ్లందరికీ పనులున్నాయి మరి. ఖాళీగా దొరికింది నేనే, కాబట్టి వినండి.

అనగనగా, దారుల మీద ఇంకా బండి జాడలు పడని కాలంలో, అడవి అంచున ఒక ఊరు. ఆ ఊళ్లో ఓదెలు అని ఒక మనిషి. ఓదెలుకు పొలం లేదు, ఎద్దు లేదు, పెళ్లాం లేదు. ఉన్నదల్లా ఒక కాంటా. కాంటా అంటే పెద్ద తక్కెడ. వారం వారం అంగడిలో చింతపండు తూచేవాడు, మిరపకాయలు తూచేవాడు, ఇప్పపువ్వు తూచేవాడు. కాంటా మోసీ మోసీ ఒక భుజం కిందికి జారిపోయింది.

రెండేళ్లకోసారి గుట్ట మీద ఇప్పలమ్మ జాతర. ఒంట్లో బాగాలేనప్పుడు "నా అంత బెల్లం ఇస్తా తల్లీ" అని అక్కడి జనం మొక్కుకుంటారు. బాగయ్యాక జాతరకు వచ్చి, ఇప్పచెట్టుకు కట్టిన కాంటాలో ఒక పళ్లెంలో కూర్చోవాలి. రెండో పళ్లెంలో బెల్లం ముద్దలు వేస్తారు, రెండూ సమానం అయ్యేదాకా. ఆ బెల్లం జాతరకు వచ్చినవాళ్లందరికీ పంచాలి.

ఇంతవరకు బాగానే ఉంది. చిక్కేమిటంటే, ఇప్పలమ్మకు చూపు ఆనదట. చెవులు మాత్రం బహు చురుకట. అందుకని ఒక్కో ముద్దకూ లెక్క గట్టిగా అరిచి చెప్పాలి. ఆ అరిచే పని ఓదెలుది. ఓదెలు అరిచాడంటే, గుట్ట అవతల మేకలు కాసేవాడికి కూడా మీ బరువెంతో తెలిసిపోయేది.

ఇక మన జనం సంగతి చెప్పాలా.

ఒక జాతరలో ముందు సాయవ్వ వచ్చింది. నిండైన మనిషి. తూకం తగ్గాలని మూడు రోజులు పస్తు ఉంది. కాళ్ల కడియాలు తీసింది, ముక్కుపుల్ల తీసింది, చివరికి కొప్పులో పువ్వులు కూడా తీసింది. పళ్లెంలో కూర్చుని, బెల్లం వైపు కాస్త వేలు పెట్టి నొక్కమని ఓదెలును బతిమాలింది. ఓదెలు వినలేదు. పద్దెనిమిదో ముద్ద దగ్గర పస్తు తలకెక్కి, సాయవ్వ పళ్లెంలోనే సొమ్మసిల్లింది. ఆమె బెల్లంలోంచే ఒక ముద్ద తీసి, నీళ్లలో కలిపి తాగించారు. లెక్క మళ్లీ ఒకటి నుంచి.

ఓదెలు ఆకాశం చూశాడు. ఇప్పచెట్టు చూశాడు. తల కొట్టుకున్నాడు.

తర్వాత ఐలయ్య వచ్చాడు. చొక్కా విప్పితే ఎముకలు లెక్కపెట్టుకోవచ్చు. తూకం పెరగాలని కుండెడు అంబలి తాగాడు. మండుటెండలో రెండు గొంగళ్లు కప్పుకున్నాడు. పంచె లోపల నడుము చుట్టూ వాగు రాళ్లు కట్టుకున్నాడు. ముద్ద పడేకొద్దీ ఐలయ్య ముఖం వెలిగిపోతోంది. ఇరవై ఐదు అనేసరికి ముడి ఊడింది. రాళ్లు ఒక్కొక్కటే కింద పడ్డాయి. మూడోది ఓదెలు కాలి బొటనవేలు మీద పడింది.

ఓదెలు ఆకాశం చూశాడు. ఇప్పచెట్టు చూశాడు. తల కొట్టుకున్నాడు.

"చింతపండుల ఇసుక కలిపెటోన్ని జూసిన. మిరపకాయల మీద నీళ్లు సల్లెటోన్ని జూసిన. ఒంట్లె రాళ్లు కలుపుకునెటోన్ని ఈడనే జూస్తున్న" అన్నాడు.

విసుగు రాదా మరి? ఉన్నవాళ్లకు తగ్గాలి, లేనివాళ్లకు పెరగాలి. గుట్ట నిండా జనం, తన ఒళ్లు తనకు నచ్చినవాడు ఒక్కడు లేడు. కాంటాకు మాత్రం ఎవరి మీదా ఏ ఫిర్యాదూ లేదు.

వాళ్ల తర్వాత ఈరమ్మ వచ్చింది. ఆమెది పుట్టుకతోనే పెద్ద ఒళ్లు. చిన్నప్పటి నుంచి ఊరంతా గాదె అని పిలిచేది. ఈరమ్మ నవ్వి ఊరుకునేది. నవ్వకపోతే ఇంకో పేరు పెడతారని.

అంతకు ఐదేళ్ల ముందు ఆమె కూతురు నీలకు జ్వరం వచ్చి మాట పడిపోయింది. పిల్ల మళ్లీ మాట్లాడితే నా అంత బెల్లం ఇస్తానని ఈరమ్మ మొక్కింది. పిల్ల మాట్లాడింది. అయితే మొక్కు మూడు జాతరల్లోగా తీర్చాలి. తీర్చకపోతే అమ్మ ఇచ్చింది అమ్మే తీసుకుంటుందని నమ్మకం. మొదటి జాతరలో ఈరమ్మ వరుసలో సగం దాకా వచ్చి వెనక్కి వెళ్లిపోయింది. రెండో జాతరలో కాంటా దాకా వచ్చి వెనక్కి వెళ్లిపోయింది. ఇది మూడోది. ఇంక వెనక్కి వెళ్లడానికి జాతరలు లేవు.

కూర్చుంది. ఓదెలు లెక్క మొదలుపెట్టాడు. ఇరవై దాటింది. ముప్పై దాటింది. జనం కూడా ఓదెలుతో పాటు లెక్కపెట్టసాగారు. నలభై అనేసరికి నవ్వులు మొదలయ్యాయి. బెల్లం చాలదు, చెరుకుతోటనే మోసుకురండని వెనక నుంచి ఎవడో అన్నాడు. అలవాటు కొద్దీ ఈరమ్మ కూడా నవ్వింది. నవ్వుతూనే ఒక కాలు కింద పెట్టింది. సమానం కాకముందే దిగితే మొక్కు చెల్లదు. పక్కనే ఉన్న నీల తల్లి కొంగు గట్టిగా పట్టుకుంది.

ఓదెలు చేతిలో ముద్ద కింద పెట్టాడు. ఈసారి ఆకాశం చూడలేదు. ఇప్పచెట్టు చూడలేదు. ఈరమ్మను చూశాడు.

"బిడ్డా, మొక్కినప్పుడు ఏమన్నవ్?"

"నా అంత ఇస్తనన్న, మామా."

"నా అంత అన్నవా, నాల సగం అన్నవా?"

"నా అంతనే అన్న."

"సగం మనిషి మొక్కిందనుకొని అమ్మ సగం పిల్లనిచ్చిందా? నిండు పిల్లనిచ్చింది. ఉన్నంత కూసో."

ఈరమ్మ కాలు పైకి తీసుకుంది. నవ్వు ఆపేసింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, ముడుచుకోకుండా కూర్చుంది. కాంటా గొలుసులు కిర్రుమన్నాయి.

అప్పుడు ఓదెలు జనం వైపు తిరిగి కడిగిపారేశాడు. ఐలయ్య బెల్లం వరుసలో సగం మందికి కూడా అందలేదని, ఈమె కూర్చుంటేనే మీ పిల్లల నోళ్లు తీపి అయ్యేదని, నవ్వినవాళ్లెవరూ చేతులు చాపొద్దని అన్నాడు. తర్వాత లెక్క చెప్పకుండా ముద్దలు వేయసాగాడు. లెక్క అరవకపోతే అమ్మకెట్లా తెలుస్తుందని ఎవరో అడిగారు. బిడ్డ 'నా అంత' అని మొక్కిన రోజే అమ్మ విన్నదని, మధ్యలో నీకెందుకు లెక్కలని అన్నాడు. రెండు పళ్లాలూ సమానం అయ్యాక "అంత" అని ఒక్క మాట అరిచాడు.

ఆ ఏడు బెల్లం గుట్ట అవతల మేకలు కాసేవాడి దాకా అందింది.

ఆ తర్వాత ఓదెలు మళ్లీ ఎప్పుడూ ఎవరి లెక్కా అరవలేదు. ఎవరు వచ్చినా ఉన్నంత కూసో అనేవాడు, చివర్లో అంత అనేవాడు. చాలా ఏళ్లు బతికి, ఒక వానాకాలం పోయాడు.

మరుసటి జాతరకు కాంటా కట్టారు. ఓదెలు పేర కూడా బెల్లం ఇవ్వాలన్నారు. ఎంత ఇవ్వాలి? అందరినీ తూచినవాణ్ణి ఎవరూ తూచలేదు. సాయవ్వ ముప్పై అంది. ఐలయ్య యాభైకి తక్కువ కాదన్నాడు. ఎండ నడినెత్తికి వచ్చేదాకా పోట్లాడుకున్నారు. చివరికి, అప్పటికి పెద్దదైన నీల ఓదెలు తుండుగుడ్డను ఒక పళ్లెంలో పెట్టింది. రెండో దాంట్లో ఒక బెల్లం ముద్ద పెట్టి పక్కకు జరిగింది. ఆమె వెనక ఇంకొకరు. వాళ్ల వెనక ఇంకొకరు. బెల్లం పళ్లెం ఎప్పుడో నేలకు తగిలింది, వేసేవాళ్లు మాత్రం ఆగలేదు.

ఇప్పటికీ ఆ జాతరలో మొదటి తూకం తుండుగుడ్డదే. ఇప్పటికీ అక్కడ ఎవరి లెక్కా అరవరు. ఇక ఫోటో తీస్తుంటే పక్కవాళ్ల వెనక నక్కే అక్కలను, మడమలు పైకెత్తి నిలబడే బావలను చూసి, "ఉన్నంత కూసో" అని పెద్దవాళ్లు విసుక్కుంటారు. నిలబడి ఉన్నా సరే, అదే మాట.

ఒకటి ఒప్పుకోవాలి. నాకూ అక్కడ మొక్కుంది. నాకు కామెర్లు తగ్గాలని మా అమ్మ మొక్కింది. కిందటి జాతరలో నా వంతు వచ్చిన ప్రతిసారీ, వెనకవాళ్లకు ఈ కథ చెప్పి, మీరు ముందు కానివ్వండంటూ పదకొండు మందిని పంపించాను. పన్నెండో అవ్వ కథ వినకుండానే నా చెయ్యి పట్టి పళ్లెంలోకి ఎక్కించింది. ఉన్నంత కూసో అని అందరూ అన్నారు. కూర్చున్నాను.

"అంత" అనేదాకా పొట్ట లోపలికి బిగబట్టుకునే కూర్చున్నాను.