వేగిస మాను పైపెచ్చు

మీరు నమ్మండి, మానండి, ఆ కొండ వెనకాల అడవికి ముసురు పట్టిందంటే చెట్టూ చేమా అన్నీ కునుకు తీస్తున్నట్టే ఉంటుంది. నడుమనున్న పెద్ద వేగిస చెట్టు పసుపుపచ్చ పూలు ఒక్కొక్కటే రాలుస్తూ ఉంటుంది. దానికి ఎప్పుడో కొమ్మ విరిగినచోట చిన్న గుంట పడింది. అందులో నిలిచిన వాననీళ్లు, చెక్క ఊరి, వెలుగు తగిలితే నీలంగా మెరుస్తాయి. ముసలి దుప్పులు మెడ చాచి తాగి, కీళ్లనొప్పులు తగ్గాయంటాయి. తగ్గాయో లేదో నాకు తెలీదు. ఆ నీళ్లకేసి చూస్తూ కూర్చుంటే మాత్రం ఆకలి కూడా గుర్తు రాదు.

ఆ చెట్టు తొర్రలోనే వడ్రంగిపిట్ట మౌనాచారి కాపురం. పేరుకే మౌనం, పొద్దస్తమానం టకటకా! తొర్రలో పెళ్లాం ఈశ్వరమ్మ, ఇంకా రెక్కలు రాని పిల్లలు.

ఓ పొద్దున నక్క జంబన్న, ముళ్లపంది సూరమ్మని వెంటేసుకుని వచ్చాడు.

"ఆచారి బావా, సామాను సర్దుకో. ఈ చెట్టు పడగొట్టి ఇల్లు కట్టుకుంటా. దూలం, గడప, ద్వారబంధం అన్నీ దీంతోనే. సూరమ్మ పళ్లుంటే గొడ్డలెందుకు?"

"పిల్లలకి రెక్కలు రాలేదు జంబన్నా. కాస్త ఆగు."

"నీ పిల్లలకి రెక్కలొచ్చేదాకా నేను వానలో నానాలా? భలేవాడివే!"

ఈశ్వరమ్మ తొర్రలోంచి తల బయటపెట్టి బావురుమంది. "ఈ ఎత్తునుంచి పడితే ఒక్కటీ బతకదయ్యా!"

సూరమ్మ ముళ్లు ఓసారి విదిలించుకుంది. "ఏడవకు వదినా. జంబన్నా, పెద్దల నాటి కట్టుబాటు ఒకటుంది. మాను కొట్టేముందు దాని ముక్క చెదపుట్టలో పెట్టాలి. చెద ముట్టకపోతేనే కొట్టాలి. ఒకసారి కాదన్న మానుని మళ్లీ ముట్టకూడదు. ఇది తప్పితే నేను పన్ను ఆనించను."

"సరే సరే. ఆచారీ, ఓ పెచ్చు తీసియ్యి."

వేగిస లోపలి చేవ జోలికి చెద పోదని ఆచారికి తెలుసు. ముక్క పుట్టలో పెట్టడమంటే పిల్లల్ని చేతులారా నేలకేసి కొట్టడమే. మెల్లిగా అడిగాడు.

"లోపలికంటా తవ్వి తియ్యనా బావా?"

"లోపలికా! నా దూలానికి బొక్క పెడదామనుకున్నావా? నీ ఎత్తులు నా దగ్గరా! బెరడు కింద పైపైన గీకు, చాలు."

ఆచారి ఈశ్వరమ్మకేసి చూశాడు. ఈశ్వరమ్మ ఏడుపు ఆపేసింది.

"నువ్వు ఎక్కడంటే అక్కడే," అన్నాడు ఆచారి.

బెరడు కిందనుంచి తెల్లటి పెచ్చు ఒకటి తీసిచ్చాడు. ముక్కు తగిలినచోట చెట్టునుంచి నెత్తురులాంటి ఎర్రటి జిగురు ఊరింది. "ఓర్చుకో తల్లీ," అంది ఈశ్వరమ్మ.

జంబన్న పెచ్చుని పుట్టలో గుచ్చి, పక్కనే ఆకుల్లో పడున్న పాత దుంగ మీద తలపెట్టి పడుకున్నాడు. పూలు మీద రాలుతున్నాయి. కలలో ఇల్లు లేచింది. గడపకి పసుపు, గుమ్మానికి తోరణం. పులిరాజు బయట నిలబడి, "లోపలికి రావచ్చా జంబన్నగారూ?" అంటున్నాడు. ఆ "గారూ" విడిచి లేవబుద్ధి కాలేదు నక్కకి. ముసురు తెరిపిచ్చేదాకా అక్కడే దొర్లాడు.

లేచి పెచ్చు లాగితే పొడి రాలింది.

"థూ! ఇంత పేరున్న చెట్టు ఇంతేనా? నాకొద్దు. సూరమ్మా, ఆ బూరుగు చూడు, ఎంత లావో!"

"దానికీ ముక్క పెట్టు మరి."

"అబ్బ! అంత లావు మానుకి పరీక్షేంటి? కట్టుబాటు తప్పావనకు. ఇదిగో, పెట్టినట్టే అనుకో!"

"నీ ఇల్లు, నీ ఇష్టం," అంది సూరమ్మ. బూరుగు మెత్తన, ఆవిడ పళ్లకి హాయి.

ఇల్లు లేచింది. మళ్లీ ముసురొచ్చేసరికి దూలం లోపలంతా చెద. ఓ మధ్యాహ్నం "గారూ" అనిపించుకుంటూ కలగంటున్న జంబన్న మీద ఇల్లు మొత్తం కూలింది. తోక నలిగి, తడిసి ముద్దై, వేగిస కిందకే వచ్చి అదే దుంగ మీద కూలబడ్డాడు.

పైన ఆచారి పిల్లలు కొమ్మనుంచి కొమ్మకి ఎగురుతున్నాయి.

జంబన్న దుంగ మీద చెయ్యేసి చూశాడు. పైపొర ఎప్పుడో చెద తినేసింది. లోపలిది రాయిలా ఉంది.

"ఆచారీ, పుట్ట పక్కనే ఉండికూడా లోపలికి చెద పట్టలేదు, ఏ మానుదయ్యా ఈ దుంగ?"

"తలెత్తు బావా. ఆ నీళ్ల గుంట దగ్గర విరిగిన కొమ్మ అదే. ఏ చెట్టుకైనా తెల్లచెక్క చెదకి కూడు. చేవ లోపలుంటుంది. తవ్వనా అని అడిగాను కదా!"

జంబన్న గబుక్కున లేచాడు. "సూరమ్మా! రావే, కొట్టేద్దాం!"

పొదలోంచి సూరమ్మ ఆవులిస్తూ అంది: "కాదన్న మాను మళ్లీ ముట్టేది లేదు. పడుకో."

దూలాన్ని తలగడ చేసుకుని దూలం కోసం కలగన్నవాడికి వానే ఇల్లు.

పైపెచ్చు గీకి మాను విలువ కట్టేవాడికి చేవ దక్కదు.