సున్నుండకి సరిపడే పెట్టె

చిన్న కథే చెప్తాను, బంగారూ. ఇలా దగ్గరికి జరుగు. నీకు ఆవలింత వచ్చేలోపు అయిపోతుంది.

అనగనగా గోదారి మధ్యలో ఒక లంక. ఆ లంకలో ఒక ఊరు. ఆ ఊళ్ళో మంగాయమ్మ అని ఒకావిడ ఉండేది. ఎవరి పొయ్యి మీద ఏ కూర ఉడుకుతోందో గోడ ఇవతల నుంచే చెప్పేసేది. ఒకసారి మా ఇంట్లో వంకాయ మాడితే నాకంటే ముందే ఆవిడకి తెలిసింది. సరే, కథ ఆవిడది కాదు. ఆవిడ పక్కింటి అచ్చాయమ్మది.

అచ్చాయమ్మ కాజాలు చేసి అమ్మేది. మొగుడూ పిల్లలూ లేరు. సున్నుండ అని ఒక కుక్క ఉండేది. అది కూనగా ఉన్నప్పుడు ఎవరో గోనెసంచిలో వేసి, సంచి మూతి కట్టి, గట్టు మీద పడేశారు. అచ్చాయమ్మే విప్పి ఇంటికి తెచ్చుకుంది. అప్పట్నుంచి సున్నుండకి మూసి ఉన్న చోటంటే వణుకు. వాన పడినా గదిలోకి వచ్చేది కాదు, అరుగు మీదే తడిసేది. ఆవిడ గొడుగు పట్టుకుని పక్కన కూర్చునేది.

ఆ ఏడు గోదారి గట్టు కోసుకుంటూ అచ్చాయమ్మ పెరట్లోకి వచ్చింది. ముందు కరివేపాకు చెట్టు పోయింది. ఆ తర్వాత బావి పోయింది. ఆ తర్వాత వంటింటి గోడ బీట తీసింది. అవతలి గట్టున ఉన్న వాళ్ళక్క "నా దగ్గరికి వచ్చెయ్యవే" అని కబురు పెట్టింది.

లాంచి నడిపే సరంగు కాశులు మాత్రం అడ్డం చెప్పాడు.

"కుక్క పెట్టెలో ఉండాలక్కా. మొన్న లాంచిలో ఒక మేక నరసరాజు గారి పంచె నమిలేసింది. ఆయన దిగేసరికి మోకాళ్ళ పైకే మిగిలింది."

"పెట్టెలో పెడితే అది బెదిరి చచ్చిపోతుంది కాశులూ."

"పెట్టె లేందే ఎక్కించుకోను."

"అది రాకపోతే నేనూ రాను," అంది అచ్చాయమ్మ. వంటింటి గోడ ఇంకాస్త ఒరిగింది.

అప్పుడు మంగాయమ్మ కోళ్ళగంప తెచ్చింది. "బోలెడు గాలి. కన్నాల్లోంచి లోకమంతా కనిపిస్తుంది," అని సున్నుండ మీద బోర్లించింది. కోళ్ళగంపకి అడుగుండదు కదా. సున్నుండ బెదిరిపోయి, గంపతో సహా లేచి పరుగెత్తింది. గంప వెనకాల కోళ్ళు పరుగెత్తాయి. కోళ్ళ వెనకాల మంగాయమ్మ పరుగెత్తింది.

ఆ తర్వాత నరసరాజు గారు ఇనప ట్రంకు తెచ్చారు. కొత్త పంచె కట్టుకునే వచ్చారు.

"గాలికి కన్నాలేవండీ?" అంది అచ్చాయమ్మ.

"గోదారంతా గాలే కదండీ. దానికి విడిగా ఎందుకండీ?"

ట్రంకు మూత చప్పుడు వినగానే సున్నుండ అచ్చాయమ్మ కాళ్ళని చుట్టుకుపోయింది. ట్రంకు వచ్చిన దారినే వెళ్ళింది.

అప్పుడు వడ్రంగి వీరాచారి వచ్చాడు. "అది లోపల నిలబడాలి, వెనక్కి తిరగాలి, కాళ్ళు చాపి పడుకోవాలి. కొలవాలక్కా," అన్నాడు. కొలిచాడు. మామిడి చెక్కతో పెట్టె చేసి, రెండు పక్కలా చువ్వలు కొట్టి, ముందు తలుపు పెట్టాడు. తీరా తెచ్చేసరికి పెట్టె ఇరుకు.

మళ్ళీ కొలిచి వెడల్పు చేశాడు. మళ్ళీ ఇరుకే.

"చెయ్యి తిరిగిన వడ్రంగివి, కుక్కని కొలవలేకపోయావా?" అంది మంగాయమ్మ. "దానికి కాజాలు పెట్టి పెట్టి బలిపించిందయ్యా," అన్నారు నరసరాజు గారు. వీరాచారికి అన్నం సయించలేదు. మూడోసారి మనిషి పట్టేంత పెట్టె చేసి, "ఇంక నన్ను పిలవకండి," అని వెళ్ళిపోయాడు.

కొలత కుదిరింది. కుక్కే కుదరలేదు. అచ్చాయమ్మ లోపల తన పాత నేతచీర పరిచింది. "తలుపు వెయ్యనులే తల్లీ," అంది. తనే పెట్టెలో తల పెట్టి పడుకుని, "చూడు, నేను బాగానే ఉన్నానుగా," అంది. సున్నుండ ఆవిడ పాదాలు నాకింది. లోపలికి మాత్రం రాలేదు.

లాంచి వచ్చే రోజు తెల్లవారింది. వంటిల్లు కూలి గోదాట్లో పడింది. సామాను రేవుకి చేరింది. పెట్టె మాత్రం అరుగు మీదే ఉండిపోయింది. సున్నుండ కనిపించలేదు.

అచ్చాయమ్మ గట్టు పొడుగునా పిలుచుకుంటూ తిరిగింది. చివరికి ఇసుకలో కూలబడి, "నువ్వెళ్ళు కాశులూ," అంది. కాశులు వెళ్ళలేదు. లాంచి తాడు మళ్ళీ కట్టేసి నీళ్ళకేసి చూస్తూ నిలబడ్డాడు.

అప్పుడు అరుగు మీద నుంచి, పిలవకపోయినా వచ్చిన వీరాచారి కేక వినిపించింది. "అక్కా! పెట్టెలో ఉంది! తనంతట తనే దూరింది!"

సున్నుండ ఆ చీరని కాళ్ళతో కుప్ప చేసుకుని మధ్యలో పడుకుని ఉంది. వణకడం లేదు. అచ్చాయమ్మ చెయ్యి లోపల పెడితే, ఆ చేతి మీద మూతి ఆనించింది. మంగాయమ్మ ఏడ్చింది. ఏడవలేదని తర్వాత అందరికీ చెప్పింది.

నలుగురూ కలిసి పెట్టెని లాంచి ఎక్కించారు. అచ్చాయమ్మ దారి పొడుగునా చెయ్యి బయటికి తియ్యలేదు. కాశులు తలుపు మాట ఎత్తలేదు.

అవతలి గట్టు వచ్చింది. పెట్టె దించబోతూ కాశులు లోపలికి తొంగి చూశాడు. ఎక్కింది ఒక కుక్క. దిగినవి అయిదు. నాలుగింటికి ఇంకా కళ్ళు తెరుచుకోలేదు.

లాంచి చేరింది గట్టుకి,
కూనలు చేరాయి పొట్టకి,
కథ చేరింది కంచికి,
కునుకు చేరాలి కంటికి.