రాజుగారు పట్టుబడ్డ శుక్రవారం

ఏటిగడ్డ అనే ఒకానొక రాజ్యంలో ఉద్దండవర్మ అని ఒక రాజుగారు ఉండేవారు. మనిషి చెడ్డవాడేం కాదు. కాకపోతే తనకు నచ్చింది లోకానికంతా నచ్చి తీరాలనుకునే రకం. అలాంటివాళ్ళతో వేగడం ఎంత కష్టమో వేగినవాళ్ళకే తెలుసు.

ఆయనకు చెడుగుడు పిచ్చి. తనొక్కరూ ఆడుకుంటే ఎవరికీ గొడవ లేదు. "మన కొలువంతా ఒకే కుటుంబం! శుక్రవారం సాయంత్రం అందరూ కలిసి ఆడాలి, అందరూ నవ్వాలి" అని శాసనం వేశారు. నవ్వడానికి కూడా శాసనమేనా, ఖర్మ కాకపోతే!

ఇక చూడండి అవస్థ. పొద్దంతా చాకిరీ చేసి, ఇంటికి పోయే వేళకు బరిలో దిగాలి. కోశాధికారి బొజ్జ పట్టుకుని రొప్పేవాడు. దీపాల కొట్టు చూసే అచ్చమ్మకు ఇంట్లో చంటిపిల్ల. బరి గీత పక్కన నిలబడి చప్పట్లు కొట్టేది గానీ చూపంతా కోట గుమ్మం వైపే. ఇక ఆస్థానంలో అందరినీ నవ్వించడమే గుండన్న ఉద్యోగం. నవ్వించి నవ్వించి దవడలు పడిపోయాక, సాయంత్రం మళ్ళీ నవ్వమంటే అతనికి ఒళ్ళు మండేది.

ఇలా ఉండగా, ముసలి లేఖకుడు పేరయ్యగారు మోకాళ్ళ నొప్పులతో రెండు శుక్రవారాలు రాలేకపోయారు. రాజుగారికి కోపం వచ్చింది.

"మాతో కలవనివాడు మావాడు కాడు. ఈ శుక్రవారం బరిలో దిగకపోతే పేరయ్య కొలువు వదిలి వెళ్ళవచ్చు."

పేరయ్యగారికి ఆ కొలువు తప్ప వేరే ఆధారం లేదు. గుండన్న ఇక ఊరుకోలేకపోయాడు.

"ప్రభూ, అందరి ఆట అంటారు. అందులో చోటు లేనివాళ్ళు కూడా ఉన్నారండీ."

"చోటు లేదా! నా ఆటలోనా!" రాజుగారు మీసం మెలేశారు. "అలాంటివాణ్ణి ఒక్కణ్ణి చూపించు. చూపిస్తే పేరయ్య కొలువు నిలుస్తుంది. లేదా, అతనితో పాటు నువ్వూ మూట సర్దుకో."

"బరిలోనే చూపిస్తాను. అక్కడ ఏం జరిగినా కోప్పడనని మాటివ్వండి."

"ఇచ్చాం పో!"

శుక్రవారం వచ్చింది. పేరయ్యగారు కర్ర ఊతంతో వచ్చి గీత బయట కూలబడ్డారు.

రాజుగారు "చెడుగుడు చెడుగుడు" అని కూత పెట్టి దూకారు. ఇంకేముంది, ఎప్పటి భాగవతమే! ఆయన చెయ్యి ఆమడ దూరంలో ఉండగానే సేనాపతి దబ్బున పడిపోయాడు. కోశాధికారి తనంతట తనే బయటికి నడిచాడు. రాజుగారు విజయగర్వంతో వెనక్కి తిరిగారు.

గుండన్న ఒక్క ఉరుకులో వెళ్ళి ఆయన నడుం వాటేసుకున్నాడు.

రాజుగారు గింజుకున్నారు, తన్నుకున్నారు. గుండన్న ఉడుంపట్టు వదల్లేదు. చివరికి కూత ఆగిపోయింది.

"ఎంత పొగరురా! నన్నే పట్టుకుంటావా?"

"మాటిచ్చారు ప్రభూ! తమరు ఓడిపోయారు. బయటికెళ్ళి కూర్చోవాలి."

రాజుగారు అటూ ఇటూ చూశారు. "ఎక్కడ కూర్చోవాలి?"

"చూశారా?" అన్నాడు గుండన్న. అతని విసుగంతా గొంతులోకి వచ్చేసింది. "ఇన్నేళ్ళుగా ఆడుతున్నారు. ఓడినవాడు ఎక్కడ కూర్చుంటాడో తమకు తెలియదు. తమర్ని ఎవరూ తాకరు, ఎవరూ పట్టుకోరు. తమరు దూకుతారు, మేం పడతాం. దీన్ని ఆటంటారా ప్రభూ? ఈ ఆటలో చోటు లేనిది తమకే!"

రాజుగారి ముఖం ఎర్రబడింది. కానీ మాటిచ్చారాయె. మెల్లగా వెళ్ళి పేరయ్యగారి పక్కన మట్టిలో కూర్చున్నారు. అక్కడి నుంచి చూస్తే నడుం పట్టుకున్న కోశాధికారీ, గుమ్మం వైపు చూస్తున్న అచ్చమ్మా కనిపించారు. ఇన్నాళ్ళూ వాళ్ళు ఆనందంగా ఉన్నారనుకున్నారు మహానుభావుడు!

"పేరయ్యా, నీకేం ఆట ఇష్టం?"

"పులిజూదం ప్రభూ. కూర్చుని ఆడొచ్చు."

"నీకు అచ్చమ్మా?"

"నాకు ఇంటికి పోవడం ఇష్టం ప్రభూ" అనేసి అచ్చమ్మ నాలుక కరుచుకుంది.

రాజుగారు ఒక్క క్షణం నోరు తెరిచి చూశారు. తర్వాత పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. ఆ బరిలో శాసనం లేకుండా వినబడ్డ మొదటి నవ్వు అదే.

అక్కడికక్కడే కట్టడి మారింది. ఆట ఇకమీదట పని వేళల్లోనే. ఎవరికి నచ్చింది వాళ్ళు ఆడొచ్చు, రానివాళ్ళను ఎందుకు రాలేదని అడగకూడదు. పేరయ్యగారి కొలువు నిలిచింది. అచ్చమ్మ అప్పటికే సగం దారిలో ఉంది.

రాజుగారు మెడలోని హారం తీసి గుండన్నకు వేశారు. "నన్ను పట్టుకున్న మగాడివి నువ్వొక్కడివే. వచ్చే శుక్రవారం నువ్వు రావాలి" అన్నారు.

గుండన్న ముఖం వేలాడేశాడు.

అది చూసి రాజుగారు గొంతు సవరించుకుని, జన్మలో అనని మాట అన్నారు.

"నీకు వీలైతేనే."