పలక ఉన్న బోగీ

ఆ ఊళ్ళో నడవడానికి చోటు లేదు. ఉన్న ఒక్క రోడ్డు మీదా పొద్దున లేస్తే కంకర లారీలు తిరిగేవి. జనం గోడలకి వీపులు ఆనించి, పొట్టలు లోపలికి పీల్చుకుని, ఎండ్రకాయల్లా పక్కకి జరుగుతూ కూరగాయలకి వెళ్ళేవాళ్ళు. కొత్తగా కాపరానికి వచ్చిన కోడళ్ళు ఆ నడక చూసి నవ్వేవాళ్ళు. నెల తిరక్కుండా వాళ్ళూ అలాగే నడిచేవాళ్ళు.

ఊరి వెనక మాత్రం చదునైన దారి ఒకటి ఉండేది. కొండమీది స్టేషన్ నుంచి ఊరి స్టేషన్ దాకా వేసిన రైలు దారి అది. రైళ్ళు మానేసి ఏళ్ళయింది. పట్టాల మధ్య తంగేడు పెరిగి పూసింది. అయినా దాని మీద ఎవరూ కాలు పెట్టకూడదు. ఎందుకంటే ఆఖరి రైలు పైనుంచి బయల్దేరింది గానీ ఇంకా కిందికి చేరలేదు.

అది ఎక్కడికి పోయిందో ఎవరికీ తెలీదు. అందులో ఎక్కినవాళ్ళంతా మర్నాడే బస్సులో ఇళ్ళకి వచ్చేశారు. అడిగితే, దారిలో ఆగితే దిగామన్నారు, దిగాక వెనక్కి తిరిగి చూడలేదన్నారు. ఊరి స్టేషన్ మాస్టారు మాత్రం రోజూ కోటు తొడుక్కుని, టోపీ పెట్టుకుని, పచ్చజెండా చంకన పెట్టుకుని ప్లాట్‌ఫారం మీద నిలబడేవాడు. బండి కాసేపట్లో వస్తుందని అడగనివాళ్ళకి కూడా చెప్పేవాడు. నామటుకు నాకు ఆయన మీద కోపం లేదు. అంతకాలం ఒకే మాట మీద నిలబడ్డ మనిషి ఆ ఊళ్ళో ఇంకొకడు లేడు.

ఆ ఊళ్ళోనే ఒక గాజులాయన ఉండేవాడు. గాజుల మలారం భుజాన వేసుకుని చుట్టుపక్కల పల్లెలన్నీ కాలినడకన తిరిగినవాడు. తిరిగొచ్చినప్పుడల్లా స్టేషన్‌లో ఉన్న కొట్టు దగ్గర నాలుక కాలేంత వేడిగా ఒక టీ తాగి గాని ఇంటికి పోయేవాడు కాదు. ఒకరోజు పొద్దున్నే పక్షవాతం వచ్చి కుడికాలు మాట వినడం మానేసింది. వైద్యుడు చూసి ఆయన భార్య గాజులామెతో, "చదునైన చోట రోజూ నడిపించమ్మా. లేకపోతే ఇక ఆ కాలు లేనట్టే" అన్నాడు.

ఆమె మొగుణ్ణి పట్టుకుని రోడ్డెక్కింది. మొదటిరోజే లారీ చక్రం కింద ఆయన చేతికర్ర రెండు ముక్కలైంది. కర్ర బదులు కాలే పడి ఉంటేనో అని తలుచుకుని ఆమె ఇంటికొచ్చి కూర్చుని ఏడ్చింది. ఏడుపు అయ్యాక మొహం కడుక్కుని, మలారం తన భుజాన వేసుకుని బయల్దేరింది.

గాజులు తొడిగించుకునేవాళ్ళు ఒకసారి చెయ్యిచ్చాక మధ్యలో లేచిపోలేరు. ఆమె ఒక్కొక్క చెయ్యి పట్టుకుని, వేళ్ళు దగ్గరికి నొక్కి, గాజు సరిగ్గా బొటనవేలి ఎముక దగ్గర ఇరుక్కున్నప్పుడు అడిగేది.

"ఆ రైలు దారి మనకి నడవడానికి ఇమ్మని అడుగుదాం. వస్తావా అమ్మా?"

ఆ స్థితిలో రానన్న ఆడది లేదు. ఆడవాళ్ళు కదిలాక మగవాళ్ళు, ఆలోచన తమదే అన్నట్టు, ముందు నడిచారు. ఊరంతా స్టేషన్‌కి వెళ్ళింది.

"ముందు ఆఖరి బండి చేరాలి," అన్నాడు స్టేషన్ మాస్టారు. "చేరితే ఈ దారి మూసినట్టు. మూసిన దారిని ఎవరు ముందు ఆక్రమిస్తే అది వాళ్ళది."

"చేరకపోతే?"

"చేరకపోతే బండిదే. ఇంకెవరూ దీని మీదికి రాకూడదు."

"ఆ బండి ఇంక రాదు మాస్టారూ," అంది గాజులామె.

"రాదని నాకెవరూ చెప్పలేదమ్మా. ఆలస్యమని మాత్రమే చెప్పారు."

గాజులామె కాసేపు పట్టాల వంక చూసింది. "అయితే బండి మేమే అవుతాం," అంది.

మాస్టారు నిబంధనలన్నీ మనసులో ఒకసారి తిరగేసుకున్నాడు. బండి ఇనుముతోనే ఉండాలని ఎక్కడా లేదు. ముందు ఇంజను ఉండాలి, బోగీలు ఒకదానికొకటి తగిలించి ఉండాలి, కూత కుయ్యాలి. అన్నిటికంటే ముఖ్యం, చివరి బోగీ వెనక ఇదే చివరిదని చెప్పే పలక ఉండాలి. ఆ పలక ప్లాట్‌ఫారం మీదికి వచ్చి ఆయన కంటపడితేనే బండి మొత్తం చేరినట్టు. దారిలో ఏ బోగీ ఊడిపోలేదని తెలిసేది దానివల్లే. "కానివ్వండి," అన్నాడు.

ఈ పనికి అందరికంటే ఎక్కువ సాయం చేసినవాడు టేపు మనిషి. ఊళ్ళో లారీలన్నీ అతనివే. నడుముకి ఎప్పుడూ కొలతల టేపు తగిలించుకుని తిరిగేవాడు. కూత కోసం ఈల కొనిచ్చాడు. అందరికీ మజ్జిగ పోయించాడు. ఊరివాళ్ళు అతని మంచితనానికి మురిసిపోయారు. అతను రైలు దారి వెడల్పు కొలిచి, లారీ వెడల్పుతో సరిచూసుకుని నవ్వుకోవడం మాత్రం ఎవరూ పట్టించుకోలేదు.

అనుకున్న రోజు అందరూ కొండమీది స్టేషన్‌లో వరసగా నిలబడి, చిన్నప్పటి ఆటలోలాగా ఒకరి చొక్కా ఒకరు, ఒకరి కొంగు ఒకరు పట్టుకున్నారు. ఊళ్ళోకల్లా పెద్ద గొంతున్న చేపలామె ఇంజను అయింది. గాజులాయన అందరితో సమానంగా నడవలేడు కనక ఆయన్ని చివర నిలబెట్టి వీపుకి పలక కట్టారు. గాజులామె పక్కన నిలబడింది. ఆమెని ఏమని రాసుకోవాలో, తనిఖీకి పైకి వచ్చిన మాస్టారుకి తోచలేదు. చివరికి ఆమె బోగీకి ఊతం అని సరిపెట్టుకున్నాడు.

ఇంతలో ఒక వీధికుక్క తోకాడించుకుంటూ గాజులాయన వెనక చేరింది.

"దాన్ని తరమండి," అన్నాడు మాస్టారు. "పలక వెనక ఏది చేరినా అదే చివరి బోగీ అవుతుంది. దానికి పలక ఉండదు. ఇంక బండి ఎప్పటికీ చేరదు."

టేపు మనిషే పరిగెత్తుకొచ్చి, టేపు ఝళిపించి కుక్కని తరిమాడు. తనిఖీలో అంతా బాగానే ఉందని చెప్పి మాస్టారు బస్సెక్కి కిందికి వెళ్ళిపోయాడు.

బండి కూత కూసి బయల్దేరింది. నడక కాస్తా పరుగయింది. ఎవరికీ ముందున్నవాళ్ళ వీపు తప్ప ఏమీ కనిపించలేదు. మొదటి మలుపులోనే గాజులాయన చేతిలోంచి ముందువాడి చొక్కా జారిపోయింది. ముందున్నవాళ్ళు ఎవరూ చూడలేదు. ఊరి ప్లాట్‌ఫారం చేరి అందరూ ఒకరినొకరు కావలించుకున్నారు.

మాస్టారు వరసంతా చూసుకుంటూ చివరికి వచ్చాడు. "పలకేది?" అన్నాడు. "బండి చేరలేదు."

అప్పటికి గాజులాయన అడుగు తీసి అడుగేస్తూ వస్తున్నాడు. మెల్లగా నడిచేవాడికి దారి పక్కలు కూడా కనిపిస్తాయి. స్టేషన్‌కి కాస్త ఇవతల ఉన్న సిగ్నల్ స్తంభం దగ్గరికి వచ్చేసరికి ఆయనకి తుప్పల వెనక లారీలు కనిపించాయి. అన్నీ వరసగా, ముందు చక్రాలు కంచెకి ఆనించి, ఇంజన్లు ఆడుతూ నిలబడి ఉన్నాయి. ఆయన ఆగిపోయాడు.

"ఏమండీ, వచ్చేశాం. ఇంకాస్త దూరమే," అంది గాజులామె.

"కాలు నొప్పిగా ఉందే."

ఆమె ఆయన మొహం చూసింది. ఆయన చూస్తున్న వైపు చూసింది. "అయితే కూర్చోండి," అంది.

టేపు మనిషి రొప్పుకుంటూ వచ్చాడు. "ఏమయ్యా, ఇక్కడ కూలబడ్డావేం? ఆ పలక ఇటివ్వు, నేను పట్టుకెళ్తా."

"పలక ఏ బోగీకి కడితే ఆ బోగీదే," అని ప్లాట్‌ఫారం మీదనుంచి మాస్టారు కేకేశాడు.

"అయితే ఇతన్నే ఎత్తుకొస్తాను."

"బోగీ తన చక్రాల మీదే రావాలి."

టేపు మనిషి గాజులాయన ముందు గొంతుక్కూర్చుని, "ఎప్పటికి నడుస్తారు పెద్దాయనా?" అన్నాడు. అప్పటిదాకా ఆయన్ని అతను మీరు అనలేదు.

"కంకర గుచ్చుకుంటోంది బాబూ."

తెగిపోయిన బోగీని బండే వెనక్కి వెళ్ళి, బయల్దేరిన చోటి నుంచి మళ్ళీ తెచ్చుకోవాలన్నది ఇంకో నిబంధన. అందుకని ఊరంతా రోజూ పొద్దున్నే ఒకరి చొక్కా ఒకరు పట్టుకుని కొండమీదికి నడిచేవాళ్ళు. బస్సులో పైకి వచ్చిన గాజులాయనతో కలిసి మళ్ళీ కిందికి నడిచేవాళ్ళు. సిగ్నల్ దగ్గరికి వచ్చేసరికి ఆయనకి కాలు నొప్పి పుట్టేది. గాజులామె ఈలోగా మళ్ళీ ఊళ్ళో చేతులన్నీ పట్టుకుని, గాజులు తొడుగుతూ తుప్పల వెనక లారీల సంగతి చెప్పింది. ఆ తర్వాత ఎవరూ ఆయన్ని తొందరపెట్టలేదు.

తొందరపడినవాడు టేపు మనిషి ఒక్కడే. బోగీకి మరమ్మతు చెయ్యకూడదు గానీ దారికి చెయ్యొచ్చని మాస్టారు చెప్పాడు. అతను కూలీల్ని పెట్టి కంకర ఏరించి, పట్టాల మధ్య మెత్తటి ఎర్రమట్టి పోయించాడు. ఎండగా ఉందని గాజులాయన అంటే రెండు పక్కలా కానుగ మొక్కలు నాటించాడు. ఆయాసంగా ఉందంటే బల్లలు వేయించాడు. దాహమంటే చలివేంద్రం పెట్టించాడు. రోజూ పక్కనే నడుస్తూ, ఆయన ఆగిన చోటు నుంచి ప్లాట్‌ఫారం దాకా టేపు పెట్టి కొలిచి, నిట్టూర్చి వెళ్ళిపోయేవాడు. తుప్పల వెనక లారీలు అలాగే ఉన్నాయి. ఖాళీ అయిన రోడ్డు మీద జనం అలవాటుకొద్దీ ఇంకా పక్కకే నడుస్తున్నారు.

కాలు బాగుపడింది. ముందు మడమ నేలకి ఆనింది. తర్వాత మోకాలు వంగింది. గాజులామెకి తప్ప ఎవరికీ చెప్పకుండా ఆయన కర్ర పట్టుకునే నడిచాడు. ఆయనకున్న బెంగ ఒక్కటే. సిగ్నల్ దాటి ప్లాట్‌ఫారం ఎక్కకూడదు. టీ కొట్టు కనిపిస్తూనే ఉంటుంది, ఆవిరి కూడా కనిపిస్తుంది. గాజులామె గ్లాసు పట్టుకుని పరుగున వచ్చేది, అయినా వచ్చేసరికి చల్లారేది. బాగుందనేవాడు. బాగాలేదని ఆమెకి తెలుసు. పల్లెపల్లెకీ తిరిగి ఇల్లు చేరిన మనిషి, తన మూలాన ఇంక ఎక్కడికీ చేరకూడని మనిషి అయ్యాడని ఆమె కుమిలిపోయేది.

ఒకరోజు టేపు మనిషి టేపు లేకుండా వచ్చాడు. చెప్పులు చేత్తో పట్టుకుని ఉన్నాడు.

"మీ కాలు బాగైంది," అన్నాడు. "నిన్న మీ ఆవిడ వెనకబడితే మీరు ఆగి చూశారు. నేను చూశాను."

గాజులాయనకి అబద్ధం ఆడటానికి ఇంక ఓపిక లేదు. "బాగైంది బాబూ," అన్నాడు.

"మరి చేరొచ్చుగా?"

"చేరితే ఈ దారి పోతుంది. నాకు భయంగా ఉంది."

టేపు మనిషి తుప్పల వైపు చూశాడు. అతన్ని చూసి ఒక డ్రైవరు ఇంజను ఆడించాడు. అతను కాలి బొటనవేలితో ఎర్రమట్టిని కాసేపు గీకాడు.

"నాకీమధ్య నిద్ర పడుతోంది," అన్నాడు. "ఏళ్ళయింది అలా పట్టి."

తర్వాత చెప్పులు పక్కన పడేసి, చుట్టూ తిరిగి గాజులాయన వెనక్కి వెళ్ళి, పలక కింద వేలాడుతున్న చొక్కా అంచు పట్టుకున్నాడు. "నడవండి," అన్నాడు.

గాజులాయన భార్య వంక చూశాడు. ఇద్దరూ అడుగేశారు, వెనక టేపు మనిషి అడుగేశాడు. సిగ్నల్ దాటారు. బండిలోని జనమంతా వెనక్కి తిరిగి చూశారు. గాజులాయన ప్లాట్‌ఫారం ఎక్కి మాస్టారు ముందు ఆగాడు. మాస్టారు జెండా విప్పుతూ పలక చదివాడు. తర్వాత దాని వెనక చూశాడు.

"ఇదేమిటి?" అన్నాడు.

"బోగీ," అన్నాడు టేపు మనిషి.

"పలకేది?"

"లేదు."

మాస్టారు అతన్ని పైనుంచి కిందిదాకా చూశాడు. జెండా మెల్లగా చుట్టి మళ్ళీ చంకన పెట్టుకున్నాడు. "బండి ఇంకా చేరలేదు. కాసేపట్లో వస్తుంది," అని అందరికీ చెప్పాడు. ఆ మాట చెబుతున్నప్పుడు ఆయన మొహం చాలా ప్రశాంతంగా ఉంది.

గాజులాయన టీ కొట్టు దగ్గరికి నడిచాడు. గ్లాసు అందుకుని, ఊదకుండానే ఒక గుక్క తాగాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నాలుక కాలిందే," అన్నాడు భార్యతో.

ఆమె ఇంకో టీ చెప్పింది. టేపు మనిషి ఆయన చొక్కా అంచు వదలకుండానే, రెండో చెయ్యి చాచి తనకీ ఒక గ్లాసు అందుకున్నాడు.